పొడుగు మీసాల పురుగు మీద ఎంకపల్లి పంచాయితీ

మొయినాబాద్ మండలం ఎంకపల్లి. రోహిణి కార్తె ఎండ. బేనిషాన్ కాయ దిగిపోయి తోట ఖాళీ అయిన రోజులు. ఓ పెద్ద మాను మొదట్లో పిడికెడు రంపపు పొట్టు కుప్పగా పడి ఉంది. దగ్గర్లో రంపమూ లేదు, కోసిన కొమ్మా లేదు. రెండడుగుల పైన బెరడులో ఓ రంధ్రం, దాని కింద కారి గట్టిపడ్డ నల్లటి బంక.

ఆ రంధ్రం ముందు ఇద్దరు గొంతుక్కూర్చున్నారు. ఒకరు మామిడితోనే తల నెరిసిన రైతు. రెండోవాడు పట్నం కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మేనల్లుడు. ఈ చుట్టుపక్కల ఏ తోటలోనైనా ఎదురుపడగల మనుషులే కాబట్టి పేర్లతో పనిలేదు, మామ, అల్లుడు అనుకుంటే చాలు. మామ చేతిలో కొన వంచిన సైకిల్ స్పోక్ ఉంది. అల్లుడి చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో పోయినేడు దీపం దగ్గర దొరికి చచ్చిన పురుగు ఉన్నాయి.

పురుగు చూడటానికి దర్జాగానే ఉంది. రెండంగుళాల పొడవు, బూడిద రంగు పెంకు, దాని మీద పసుపు, నారింజ చుక్కలు. మెడ మీద పక్కపక్కనే రెండు ఎర్రమచ్చలు, మెడకు అటూ ఇటూ రెండు ముళ్ళు. ఒంటికంటే పొడుగైన మీసాలు వెనక్కి విల్లులా వంగి ఉన్నాయి. శాస్త్రంలో దీని పేరు బటోసెరా రూఫోమాక్యులాటా. రూఫో అంటే ఎరుపు, మాక్యులా అంటే మచ్చ. స్వీడన్ శాస్త్రవేత్త డి గీర్ 1775లోనే దీన్ని వర్ణించాడు. వ్యవసాయ పుస్తకాల్లో మాత్రం దీని పేరు నేరం పేరే: మామిడి కాండం తొలుచు పురుగు.

"దీన్ని డబ్బల పెట్టుకొని మురుస్తున్నవ్ గని అల్లుడా, నాకైతే ఇది దొంగ," అన్నాడు మామ. "ఆకు తినే పురుగు ఆకు మీద కనబడ్తది. కాయల పడ్డ పురుగు కాయ కోస్తే కనబడ్తది. ఇది లోపల కూసుంటది. మనకు ఎర్కయ్యేటాలకు కొమ్మ ఎండిపోయి ఉంటది. పోయినేడు గా మూల చెట్టు అట్లనే పోయింది. ముప్పై ఏండ్ల చెట్టు. ఇంకోటి పెట్టి, అది గంత కావాలంటే నాకు మల్ల ముప్పై ఏండ్లు ఎవడిస్తడు?"

అల్లుడు కాదనలేదు. పైగా నేరం ఎలా జరుగుతుందో విడమరిచి చెప్పి, మామ కేసునే బలపరిచాడు. తొలకరి వానలకు పెద్ద పురుగు చెట్టులోంచి బయటికొస్తుంది. పగలు దాక్కుంటుంది, రాత్రిళ్ళు లేత కొమ్మల బెరడు గీక్కుని తింటుంది. ఆడది గట్టి దవడలతో మాను బెరడును చీల్చి, ఆ గాటులో ఒక గుడ్డు పెట్టి, మరో చోటికి పోతుంది. గుడ్డులోంచి వచ్చే పిల్లకు కాళ్ళుండవు. తెల్లగా, మెత్తగా, ఉంగరాలు ఉంగరాలుగా ఉంటుంది. మొదట బెరడు కింద తింటుంది, తర్వాత చెక్కలోకి దిగుతుంది. నెలల తరబడి తిని చూపుడు వేలంత అవుతుంది. లోపలే గది చేసుకుని, కోశమై, రెక్కలొచ్చాక వాన కోసం కాచుకుంటుంది. మన దగ్గర ఏడాదికి ఒక తరం.

"బెరడు కిందనే చెట్టుకు అన్నం నడిచే దారి ఉంటది మామా. పిల్లలు నాలుగైదు చేరి మాను చుట్టూ తొలిచినయంటే ఆ దారి తెగిపోతది. పైన ఆకులు చేసిన తిండి వేరుకు దిగదు. నువ్వు చెప్పింది నిజమే, చెట్టే పోతది."

"మరింగ పంచాయితీ ఏంది? శిక్ష ఎయ్యి."

"శిక్ష తోటలనా, ఊరంతటనా? గది తేల్చాలె."

అసలు వాదం ఇక్కడ మొదలైంది. అల్లుడి మాట ప్రకారం ఈ పురుగు మామిడి కోసం పుట్టింది కాదు. మర్రి, రావి, మేడి, అత్తి వంటి చెట్లున్న ఫైకస్ ప్రజాతి, పనస, బూరుగ కూడా దీని తిండే. మామిడి తోటలు వరసలు తీరక ముందు నుంచీ ఇది ఈ నేల అడవుల్లో బతుకుతోంది. పొడుగు మీసాల పురుగుల వంశం చిన్నదేమీ కాదు. ప్రపంచం మొత్తం మీద వర్ణించిన జాతులే 35 వేలు దాటాయి. మన దేశపు జాతుల మీద గాహన్ అనే శాస్త్రవేత్త 1906లోనే ఓ సంపుటం అచ్చు వేయించాడు. వాటిలో ఎక్కువ శాతానికి బతికున్న చెట్టుతో పేచీ లేదు. చచ్చిన కొమ్మ, పడిపోయిన మాను, ఎండిన దుంగ చాలు.

"గా చచ్చిన కొమ్మను తింటే మనకొచ్చేదేంది?"

"అది తినకుంటే ఏమైతదో చూడు. కట్టె అంటే చెట్టు యాభై ఏండ్లు కష్టపడి దాచిన సొమ్ము. అంతా గట్టి నార, గట్టి జిగురు. ఆవుకు గడ్డి అరుగుతది, కట్టె అరగదు. గా సొమ్ము మల్ల మట్టిలకు రావాలంటే పెట్టె తాళం తీసేటోడు కావాలె. ఈ పురుగులు గా తాళం తీసేటియి."

తాళం తీయడం ఉత్త ఉపమానం కాదు. దీని దగ్గరి చుట్టం అయిన ఆసియా పొడుగు మీసాల పురుగు జన్యుపటాన్ని 2016లో శాస్త్రవేత్తలు ప్రచురించారు. చెక్క కణాల గోడల్ని కరిగించే ఎంజైముల జన్యువులు దాంట్లో విస్తారంగా ఉన్నాయి. వాటిలో కొన్ని ఎప్పుడో బ్యాక్టీరియా, బూజుల నుంచి ఈ వంశంలోకి చేరినవే. పిల్ల తొలిచిన సొరంగం గుండా నీరు, గాలి, బూజు కట్టె నడిమికి చేరతాయి. పొట్టు కిందికి రాలి చెదలకు, చీమలకు, చిన్న పురుగులకు నెలవవుతుంది. ఆ పిల్ల కోసం వడ్రంగి పిట్ట వస్తుంది. అది పొడిచిన చోట మెత్తబడి తొర్ర అవుతుంది. తొర్రలో రామచిలకో, గోరింకో, గుడ్లగూబో కాపురం పెడుతుంది.

ఈ పనికి ఎవరైనా కొలత వేశారా అంటే వేశారు. ఆరు ఖండాల్లో 55 చోట్ల చచ్చిన కట్టెలు పెట్టి, కొన్నిటిని పురుగులకు వదిలి, కొన్నిటిని వల బుట్టల్లో మూసి, ఎంతెంత కరిగిందో తూచారు. ఫలితం 2021లో నేచర్ పత్రికలో వచ్చింది. చచ్చిన కట్టె నుంచి ఏటా విడుదలయ్యే కార్బన్‌లో సుమారు 29 శాతం పురుగుల పని వల్లనేనని వాళ్ళ అంచనా. ఆ పని జోరుగా సాగేది మనలాంటి ఉష్ణమండలంలోనే. అక్కడ చెదల వాటా కూడా పెద్దదే.

మామ ఇదంతా విన్నాడు. విని, స్పోక్‌తో ఎదుటి మానును తట్టాడు.

"నువ్వు చెప్పేదంతా చచ్చిన కట్టె ముచ్చట. ఇది చచ్చిన కట్టెనా? మొన్నటిదాంక కాయలు దించిన. నీ పురుగు బతికున్నదాన్ని తింటున్నది. పీనుగను మోసేటోడు, మనిషిని చంపేటోడు ఒక్కటేనా?"

అల్లుడు కాసేపు మాట్లాడలేదు. ఆ దెబ్బ సరిగ్గా తగిలింది. వంశంలో ఎక్కువమంది చచ్చిన కట్టె తినేవాళ్ళే అయినా, ఈ ఎర్రమచ్చలది మాత్రం బతికున్న చెట్టులో గుడ్డు పెడుతుంది. "గది ఒప్పుకుంటున్న," అన్నాడు చివరికి. "గని ఏ చెట్టునైనా సమంగ పట్టదు. ముసలి చెట్టు, నీరు నిలిచి వేరు మురిగిన చెట్టు, గాయమైన చెట్టు, గివి దానికి ముందు కండ్లబడ్తయి. మామా, గా మొదట్ల దెబ్బ ఏంది?"

మాను మొదట్లో, నేలకు జానెడు పైన, బెరడు లేచిపోయిన పాత మచ్చ ఉంది. ట్రాక్టర్ కల్టివేటర్ గీరిన చోటు అది.

"దున్నేటప్పుడు తగులుతది. తోట అన్నంక తగలదా?"

"తగులుతది. గని రాత్రిపూట తిరిగే పురుగుకు గది తెరిచిన దర్వాజ."

మామకు కోపం వచ్చింది. తప్పు పురుగుది కాక తనదైందా అని. అందుకే వాదాన్ని తోట దాటించి, మహబూబ్‌నగర్ తీసుకెళ్ళాడు. "మరి పిల్లలమర్రికి సెలైన్ బుడ్లు ఎందుకు కట్టిండ్రు? కట్టె తినే పురుగు గంత మంచిదైతే గా మర్రిని తిననియ్యక మందెందుకు ఎక్కించిండ్రు?"

ఆ సంగతి తెలుగువాళ్ళకు గుర్తుంటుంది. 700 ఏళ్ళదని చెప్పుకునే పిల్లలమర్రి కొమ్మ 2017 డిసెంబరులో విరిగిపడింది. లోపల చెదలు డొల్ల చేశాయి. సందర్శకుల్ని ఆపేశారు. 2018లో చెదలమందు కలిపిన నీటిని సెలైన్ సీసాల్లో పోసి, చుక్క చుక్కగా మానులోకి దించారు. ఊడలు నేలకు చేరేందుకు గొట్టాలు కట్టారు, బరువైన కొమ్మల కింద దిమ్మెలు పెట్టారు. ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి.

"అది చెదలు, ఇది వేరే," అన్నాడు అల్లుడు. "అయినా నీ ప్రశ్నలనే నా జవాబున్నది. ఊడలకు గొట్టాలెందుకు కట్టిండ్రు? మర్రికి ప్రాణం మానుల ఒక్కదాంట్లనే ఉండదు. మాను డొల్లైనా ఊడలు నేల దిగి, తామే మాన్లయి కొమ్మను మోస్తయి. మర్రిల నాలుగు పిల్లలు తొలిచినా మర్రి ఇంకో కాలు పెట్టుకుంటది. నీ మామిడికి ఒక్కటే కాలు. పురుగు ఒక్కటే మామా, చెట్లు రెండు తీర్లు. గందుకే తీర్పు కూడ రెండు తీర్లు ఉండాలె."

ఈ మాట మామకు నచ్చిందని ముఖంలో కనిపించింది గానీ, నోటితో ఒప్పుకోలేదు. పోట్లాటను అమెరికా దాకా పొడిగించాడు. కొడుకు అక్కడుంటాడు, ఫోన్లో విన్న సంగతి. "అమెరికల గిట్లాంటి పురుగే వస్తే వేల చెట్లు నరికిండ్రట. గాళ్ళు పిచ్చోళ్ళా?"

పిచ్చోళ్ళు కాదు. చైనా, కొరియా ప్రాంతాల ఆసియా పొడుగు మీసాల పురుగు సరుకు పెట్టెల చెక్కల్లో దాక్కుని సముద్రం దాటింది. 1996లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మొదట బయటపడింది. 2008లో మసాచుసెట్స్‌లోని వూస్టర్ పట్నంలో దొరికినప్పుడు, దాన్ని ఆపడానికి 30 వేలకు పైగా చెట్లు కొట్టేశారు. ఇలాంటివి దేశాలు దాటకూడదనే, ఎగుమతి పెట్టెల చెక్కను 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలైనా ఉంచడం వంటి శుద్ధి చేయాలన్న అంతర్జాతీయ నియమం 2002లో వచ్చింది. సరుకు పెట్టెల మీద కాల్చి వేసినట్టుండే హెచ్‌టీ ముద్ర దాని గుర్తే.

"పురాగ నీ మాటే నిజమనుకో," అన్నాడు అల్లుడు. "గని గదే పురుగు చైనాలనే ఎక్కడ విరుచుకపడ్డదో ఎర్కేనా? అడవిల కాదు. ఇసుక తుఫాన్లు ఆపనీకి మైళ్ళకు మైళ్ళు వరసగా ఒక్కటే చెట్టు, పోప్లార్, పెట్టిండ్రు. గా వరసల్ల పడ్డది. మన ఎర్రమచ్చలది కూడ ఇజ్రాయిల్ పోయి అత్తి తోటల మీద పడ్డది. మామిడి అనవాలె, అత్తి అనవాలె, పోప్లార్ అనవాలె, వరసగా ఒక్కటే పెట్టిన కాడ దానికి బువ్వ వడ్డించినట్టు."

"అయితే మామిడి నడుమ చింత, వేప పెట్టుమంటవా? బత్తాయి పెట్టుమంటవా? జీతమొచ్చేటోళ్ళకు ఎన్ని సలహాలన్న వస్తయి."

"పెట్టుమంటలేను. తోట తోటనే. గందుకే తోటల పురుగు పీకుడు నీ హక్కు. అడవిల దానికి హక్కుంటది."

మామ వదల్లేదు. "అడవిల అయితే ఏం చేస్తలేదా? మధ్యప్రదేశ్‌ల సాల్ అడవి పోయింది గదా."

నిజమే. అక్కడి సాల్ అడవుల్లో హోప్లోసెరాంబిక్స్ అనే మరో పొడుగు మీసాల జాతి 1990ల చివర్లో లక్షల చెట్లకు పట్టింది. అంతకుముందు 1920ల్లోనూ ఒకసారి అలాగే విరుచుకుపడింది. దాన్ని పట్టే ఉపాయం మాత్రం అడవి మనుషుల తెలివిలా ఉంటుంది. ఒక సాల్ చెట్టును పడగొట్టి, ముక్కలు చేసి, బెరడు చితక్కొడతారు. కారే రసం వాసనకు పురుగులు దూరం నుంచి వస్తాయి. రసం తాగి మత్తెక్కినట్టు పడి ఉన్నవాటిని ఏరి చంపుతారు. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన బీసన్ మన దేశపు అడవి పురుగుల మీద 1941లో రాసిన పెద్ద పుస్తకంలో ఈ వంశం గొడవలకూ చోటుంది. మామూలు ఏళ్ళలో ఆ పురుగు బలహీన చెట్లతోనే సరిపెట్టుకుంటుంది. ఉధృతి వచ్చిన ఏడు మంచి చెట్టునూ వదలదు.

మామకు ఇది గెలుపు. అల్లుడు దాన్ని గెలుపుగానే వదిలేసి, యూరప్ నుంచి తన సాక్షిని పిలిచాడు. అక్కడ సెరాంబిక్స్ సెర్డో అనే నల్లటి పొడుగు మీసాల పురుగు ముసలి ఓక్ చెట్లలో ఉంటుంది. ఒకప్పుడు కలప చెడగొడుతుందని దాన్ని తిట్టేవాళ్ళు. ముసలి ఓక్‌లు తరిగేకొద్దీ అదీ తరిగిపోయి, 1992లో యూరప్ దేశాల ఉమ్మడి రక్షణ చట్టంలోకి ఎక్కింది. 2008లో జర్మనీ పరిశోధకులు ప్రచురించిన లెక్క ఇంకా ఆసక్తికరం. ఈ పురుగు కాపురమున్న ఓక్‌లలో, అది లేని ఓక్‌లలో కంటే, అరుదైన ఇతర పెంకు పురుగుల జాతులు ఎక్కువగా దొరికాయి. అది తొలిచిన సొరంగాలే మిగతావాటికి ఇళ్ళు. ఆ పరిశోధకులు దాన్ని తన చుట్టూ పరిసరాన్ని కట్టే ఇంజినీరుతో పోల్చారు.

"ఇంజినీరా!" మామ నవ్వాడు. "ఇల్లు కట్టనిస్తే పట్టా కూడ అడుగుతది."

"ముసలి చెట్టు ఉండాలె గదా పట్టా ఇయ్యనీకి. ఓక్ లేదు మనకు. మర్రి ఉన్నది."

మొయినాబాద్, చేవెళ్ల దారిలో వెళ్ళినవాళ్ళకు ఆ మర్రులు చెప్పనక్కర్లేదు. హైదరాబాద్, బీజాపూర్ రోడ్డుకు రెండు పక్కలా నిజాం కాలం నుంచి ఉన్నవి తొమ్మిది వందలకు పైగా లెక్కకొచ్చాయి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు రోడ్డు వెడల్పు చేయాలన్నప్పటి నుంచి వాటి మీద కొట్లాట నడుస్తూ జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్ళింది. 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర బస్సు, టిప్పర్ ఢీకొని ప్రాణాలు పోయాక, రోడ్డు ఆలస్యమైందన్న కోపం ఊళ్ళల్లో ఇంకా పెరిగింది.

"రోడ్డు కావాలె. గది నాకు చెప్పకు," అన్నాడు మామ గట్టిగా.

"నేను కూడ రోజు గా రోడ్డు మీదనే వస్త మామా. రోడ్డు వద్దంటలేను. చెట్టును పీకి ఇంకో కాడ పెడ్తామంటరు గదా, గదాన్ని గురించి ఒక్క మాట. వేర్లు కోసి, కొమ్మలు కొట్టి, లారీల తెచ్చి పెట్టిన మర్రి అంటే నువ్వు ఇందాక చూసిన గాయం, వంద రెట్లు. గిట్లాంటి పురుగులు ఎంచుకునేది అటువంటి చెట్టునే. నాటి వదిలేస్తే కాదు, రెండు మూడేండ్లు మొదలు చూడాలె, పొట్టు పడ్డదా అని. ఉన్నకాడ ఉన్న మర్రికి మాత్రం, ఎండిన కొమ్మ మనుషుల మీద పడకుండ ఉన్నంతవరకు, దాన్ని కొట్టి పొయ్యిల పెట్టకుంటే చాలు."

చిలుకూరు పక్కనే 1994లో జాతీయ పార్కు చేసిన మృగవని అడవి ఉంది. పార్కులో పడిన మాను మట్టి అయ్యేదాకా పడి ఉండొచ్చు. ఊరి పొలిమేరలో పడిన మాను మూడో రోజుకు మొద్దులై, ట్రాక్టర్ ఎక్కుతుంది. అల్లుడి బాధ అది. మామ బాధ వేరు. పొట్టకూటికి పెట్టుకున్న తోట పొలిమేరలో, పురుగును పోషించే చెట్టును తానే ఎందుకు నిలబెట్టుకోవాలి?

"గా కంచె మేడి చెట్టు సంగతి చెప్పు," అన్నాడు. "మేడి కూడ దాని తిండే అన్నవ్. మరి గది ఉంటే పురుగు నా తోటకు ఎదురొచ్చినట్టు కాదా? తోట దగ్గర గిట్లాంటి చెట్లు ఉంచొద్దని మాకు చెప్పినోళ్ళే ఉన్నరు."

ఇది వాదంలో అన్నిటికంటే కష్టమైన ప్రశ్న, అల్లుడి జవాబు కూడా పూర్తిగా నిలబడలేదు. మేడిపళ్ళకు వచ్చే పిట్టలు తోట పురుగుల్నీ తింటాయన్నాడు. వడ్రంగి పిట్ట మేడిలో తొర్ర చేసుకుంటే, మామిడి మానునూ తట్టి చూస్తుందన్నాడు. మామ నమ్మలేదు. "పిట్ట తట్టి చూస్తది, నేను చెట్టు పోగొట్టుకుంట. మంచి బేరమే." చివరకు మేడి మీద ఒప్పందం ఒకటే కుదిరింది. ఈ ఏడు కొట్టరు. మొదలు ప్రతి నెలా చూస్తారు. పొట్టు కనబడితే అప్పుడు మళ్ళీ కూర్చుంటారు.

మిగతా విషయాల్లో ఇద్దరి మధ్య తేడా అనుకున్నంత లేదు. పురుగు పట్టి ఎండిన మామిడి కొమ్మను కొట్టి తోటలోనే కుప్ప వేస్తే, లోపలి పిల్ల చావదు. ఆ కట్టెలోనే పెరిగి, వానలకు రెక్కలతో బయటికి వచ్చి, పక్క చెట్టు ఎక్కుతుంది. కాబట్టి మామిడి కట్టెను తొలకరికి ముందే కాల్చాలని మామ అంటే, పురుగుల పక్షాన వాదించిన అల్లుడే ముందు తలూపాడు. వర్షాకాలంలో నీరు నిలవకుండా కాలువ తీయడం, మొదలు దగ్గర కల్టివేటర్ పోనివ్వక పారతో తవ్వడం, నెలకోసారి మాను చుట్టూ తిరిగి పొట్టు, బంక వెతకడం, ఇవి మామ ఒప్పుకున్నాడు. చివరిది ఎప్పటినుంచో చేస్తున్నదేనని కూడా గుర్తు చేశాడు.

తర్వాత స్పోక్ రంధ్రంలోకి పోయింది. మామ కళ్ళు మూసుకుని, చేతి వేళ్ళతో వింటున్నట్టు, మెల్లగా తిప్పాడు. మెత్తగా తగిలిన చోట ఆగి, కొక్కెం మలిపి లాగాడు. వేలంత తెల్లటి పిల్ల తడి పొట్టుతో సహా బయటపడింది. అల్లుడు ఫొటో తీసుకునేదాకా ఆగి, మామ దాన్ని కోళ్ళ వైపు విసిరాడు. రంధ్రాన్ని తడి మట్టితో మూసి, చేతులు దులుపుకున్నాడు.

డబ్బాలోని చచ్చిన పురుగును మాత్రం అల్లుడు తన దగ్గరే పెట్టుకున్నాడు. సోమవారం పిల్లలకు చూపిస్తానన్నాడు. బతికుండగా చేత్తో పట్టుకుంటే అది మెడను వెనక భాగానికి రాసి కిర్రు కిర్రుమంటుందని కూడా చెప్పాడు. "మా వైపు దానికి గా కిర్రే పేరు పెట్టొచ్చు," అన్నాడు మామ.

మృగశిర కార్తె ఏటా జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. పురుగు బయటికి వచ్చేది ఆ తొలి వానలతోనే. ఇంటి ముందైనా, పొలం గట్టునైనా మామిడి చెట్టు ఉన్నవాళ్ళు అంతకుముందే ఒకసారి వంగి, మాను మొదట్లో పొట్టు ఉందేమో చూసుకోండి. ఉంటే సైకిల్ స్పోక్ చాలు. మర్రి కింద అదే పొట్టు కనబడితే దాని జోలికి పోనక్కర్లేదు.